పాత్ పెట్టినా పలకని డేటాబేస్: ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, కావలి, ఒంగోలు కాలేజీల్లో డీబీఎంఎస్ ల్యాబు మొదలైందంటే చాలు, ఈ ప్రశ్నలన్నీ వరస కడతాయి. చీమకుర్తి గ్రానైట్ ఆఫీసుల్లో, రైసుమిల్లుల్లో పాత బిల్లింగ్ సిస్టమ్ తీసి కొత్తది పెట్టుకునేవాళ్ళకీ ఇవే తగులుతాయి. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, ఒరాకిల్ ఎక్స్‌ప్రెస్ ఎడిషన్, ఈ మూడు డేటాబేస్ సాఫ్ట్‌వేర్లకీ జవాబులు ఇక్కడున్నాయి. కమాండ్లు, ఫోల్డర్ పేర్లు పక్కన కూర్చుని చెప్పినట్టు పలికే తీరులోనే రాశాం. కీబోర్డు మీద మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. పేరు మధ్యలో అడుగు గీత కనిపిస్తే అది అండర్‌స్కోర్, అక్కడ ఖాళీ ఉండకూడదు.

ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ అంటే ఏంది? డేటాబేస్‌కి దాంతో పనేంది?

ఒక పేరు, దానికో విలువ. అంతే. పాత్ అనే వేరియబుల్‌లో ఫోల్డర్ల వరస ఉంటుంది. మీరు 'మైఎస్‌క్యూఎల్' అని కొట్టగానే విండోస్ ముందు మీరున్న ఫోల్డర్‌లో వెతుకుతుంది, తర్వాత పాత్‌లోని ఫోల్డర్లను ఒక్కొక్కటే చూసుకుంటూ పోతుంది. ఒరాకిల్_ఎస్‌ఐడీ అయితే ఏ డేటాబేస్‌కి వెళ్ళాలో చెబుతుంది. పీజీపోర్ట్ పోస్ట్‌గ్రెస్ సర్వర్ ఏ పోర్టులో (నంబరున్న తలుపులో) పలుకుతుందో చెబుతుంది.

అసలు తెలుసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ఏ ప్రోగ్రామైనా మొదలయ్యేటప్పుడు, తనను మొదలుపెట్టిన ప్రోగ్రామ్ దగ్గర ఉన్న వేరియబుల్స్‌ను కాపీ తీసుకుంటుంది. ఆ తర్వాత మీరు సెట్టింగ్స్‌లో ఎన్ని మార్పులు చేసినా ఆ కాపీ మారదు. కింద వచ్చే తంటాల్లో సగానికి పైగా ఇక్కడివే: విలువ సరిగ్గానే ఉంటుంది, చదివేవాడి దగ్గర పాతది ఉంటుంది.

పాత్ పెట్టాను, ఓకే కొట్టాను. అయినా 'మైఎస్‌క్యూఎల్ ఈజ్ నాట్ రికగ్నైజ్డ్' అంటోంది. ఎట్టా?

ముందు ఆ నల్ల విండో (కమాండ్ ప్రాంప్ట్) మూసి కొత్తది తెరవండి. పాతదాంట్లో ఎన్నిసార్లు కొట్టినా అదే వస్తుంది. వీఎస్ కోడ్‌లోనో ఎక్లిప్స్‌లోనో టెర్మినల్ వాడుతుంటే టెర్మినల్ ఒక్కటే మూస్తే చాలదు, ప్రోగ్రామ్ మొత్తం మూసి మళ్ళీ తెరవాలి. విండోస్ టెర్మినల్‌లో అన్ని ట్యాబులూ మూయండి.

అప్పటికీ రాకపోతే వరసగా ఇవి చూడండి.

కొత్త విండోలో 'ఎకో' అని కొట్టి, ఖాళీ వదిలి, శాతం గుర్తు, పాత్, మళ్ళీ శాతం గుర్తు పెట్టి ఎంటర్ నొక్కండి. వచ్చిన వరసలో మీ ఫోల్డర్ ఉందా? లేకపోతే సేవ్ కాలేదన్నమాట. పాత్‌ను మార్చే చిన్న విండోలో ఓకే కొట్టి, వెనక ఉన్న ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ విండోను మూలనున్న ఇంటూ గుర్తుతో మూసేస్తారు చాలామంది. మార్పు అక్కడే పోతుంది. రెండు విండోల్లోనూ ఓకే కొట్టాలి.

ఫోల్డర్ ఉండీ పలకకపోతే తప్పు ఫోల్డర్ ఇచ్చుంటారు. మైఎస్‌క్యూఎల్ 8.0 మామూలుగా సి డ్రైవ్‌లో ప్రోగ్రామ్ ఫైల్స్, అందులో మైఎస్‌క్యూఎల్, అందులో మైఎస్‌క్యూఎల్ సర్వర్ 8.0, అందులో బిన్. ఆ బిన్ దాకా ఇవ్వాలి. సర్వర్ 8.0 దగ్గరే ఆగితే పనిచేయదు. ఫైలు పేరుతో సహా ఇచ్చినా పనిచేయదు, పాత్‌లోకి ఫోల్డర్లే వెళ్ళాలి. ఒరాకిల్ ఇన్‌స్టంట్ క్లయింట్‌కి (సర్వర్‌కి కనెక్ట్ అవడానికి కావలసిన ఫైళ్ళ మూటకి) ఇది తిరగబడుతుంది: జిప్ విప్పిన ఫోల్డరే ఇవ్వాలి, దాంట్లో బిన్ అనేదే ఉండదు. అలవాటు కొద్దీ చివర బిన్ తగిలించి గంటలు వెతుక్కుంటారు.

ఇంకా రెండు చిన్న తప్పులున్నాయి. ఫోల్డర్ పేరును కోట్ గుర్తుల మధ్య పెట్టడం ఒకటి. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఖాళీ ఉన్నా పాత్‌లో కోట్స్ అక్కర్లేదు. రెండు ఫోల్డర్ల మధ్య సెమీకోలన్ బదులు కామా పెట్టడం, లేదా సెమీకోలన్ తర్వాత ఖాళీ వదలడం రెండోది.

పైన ఒక పెట్టె, కింద ఒక పెట్టె ఉన్నాయి. ఎందులో పెట్టాలి?

విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి 'సిస్‌డీఎం డాట్ సీపీఎల్' కొట్టి, అడ్వాన్స్‌డ్ ట్యాబులో కింద ఉన్న బటన్ నొక్కితే ఆ విండో వస్తుంది. పైది మీ లాగిన్‌కి మాత్రమే, కిందిది ఆ సిస్టమ్‌లోని అందరికీ. సొంత ల్యాప్‌టాప్ అయితే పైదాంట్లో పెట్టుకోండి. చెడినా మీ లాగిన్ వరకే చెడుతుంది.

రెండింటిలో ఒకే పేరు ఉంటే పైదే చెల్లుతుంది, ఒక్క పాత్‌కి తప్ప. పాత్ విషయంలో కింది పెట్టె ముందు వస్తుంది, పై పెట్టె దాని తోకకు తగులుతుంది. కింది పాత్‌లో పాత వెర్షన్ ఫోల్డర్ ఉంటే, పైన కొత్తది ఎంత జాగ్రత్తగా పెట్టినా పాతదే పలుకుతుంది.

కాలేజీ ల్యాబుల్లో విద్యార్థి లాగిన్‌కి కింది పెట్టె బటన్లు నొక్కుడుపడవు. స్టార్ట్ మెనూలో 'ఎడిట్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ ఫర్ యువర్ అకౌంట్' అని వెతికితే అడ్మిన్ పాస్‌వర్డ్ లేకుండానే పై పెట్టె తెరుచుకుంటుంది. లాగాఫ్ కాగానే అన్నీ చెరిపేసే ల్యాబైతే అదీ నిలవదు. అక్కడ ప్రతిసారీ 'సెట్' కమాండ్‌తో ఆ విండో వరకు పెట్టుకోవడమే.

'సెట్', 'సెట్ఎక్స్' రెండూ ఒకటేనా?

కాదు. 'సెట్' ఆ విండో మూసేదాకే ఉంటుంది. 'సెట్ఎక్స్' శాశ్వతంగా రాస్తుంది, కానీ ఇప్పుడు తెరిచున్న విండోలో కనిపించదు, కొత్తదాంట్లోనే కనిపిస్తుంది. 'సెట్'లో పేరుకీ విలువకీ మధ్య ఈక్వల్ గుర్తు ఉంటుంది, 'సెట్ఎక్స్'లో ఖాళీ ఉంటుంది.

'సెట్' వాడేటప్పుడు ఈక్వల్ గుర్తుకి అటూ ఇటూ ఖాళీ వదలకండి. 'సెట్ ఒరాకిల్_ఎస్‌ఐడీ', ఖాళీ, ఈక్వల్, ఖాళీ, 'ఎక్స్ఈ' అని కొడితే విండోస్ ఏమీ అనదు. చివర ఖాళీ ఉన్న పేరుతో ఇంకో వేరియబుల్ తయారుచేసి ఊరుకుంటుంది. ఒరాకిల్ వెతికే పేరు వేరు, మీరు తయారుచేసింది వేరు. చూడ్డానికి మాత్రం రెండూ ఒకే మాదిరి ఉంటాయి.

'సెట్ఎక్స్'తో పాత్‌ను మాత్రం ముట్టుకోవద్దు. వీడియోల్లో చూపించే 'సెట్ఎక్స్ పాత్, కోట్స్‌లో పాత పాత్, సెమీకోలన్, కొత్త ఫోల్డర్' అనే కమాండ్ చాలా సిస్టమ్‌లను పాడుచేసింది. అది 1024 అక్షరాల దగ్గర కత్తిరిస్తుంది. కత్తిరించానని ఒక హెచ్చరిక వేస్తుంది గానీ అప్పటికే రాసేసి ఉంటుంది. పైగా పై పెట్టె, కింది పెట్టె రెండూ కలిసిన వరసను తీసుకెళ్ళి ఒకే పెట్టెలో కుమ్మరిస్తుంది.

ఆ కమాండే, కింది పెట్టెలో రాసే 'స్లాష్ ఎం' కూడా తగిలించి కొట్టాను. ఇప్పుడు 'పింగ్' కూడా పనిచేయడం లేదు. విండోస్ మళ్ళీ వేయాలా?

అక్కర్లేదు. సిస్టమ్ రీస్టార్ట్ మాత్రం చేయకండి. తప్పు జరగక ముందు తెరిచిన నల్ల విండో ఏదైనా ఇంకా మూయకుండా ఉంటే దాని దగ్గర పాత కాపీ ఉంటుంది. దాంట్లో పాత్‌ను ఎకో చేసి, ఆ వరస మొత్తం నోట్‌ప్యాడ్‌లోకి కాపీ చేసుకోండి.

అలాంటి విండో ఏదీ లేకపోతే కింది పెట్టెలోని పాత్‌లో విండోస్‌కి కావలసినవి చేత్తో ఎక్కించండి. శాతం గుర్తుల మధ్య సిస్టమ్‌రూట్ అని రాసి, దాని వెనక బ్యాక్‌స్లాష్ సిస్టమ్32. తర్వాత ఒట్టి సిస్టమ్‌రూట్. తర్వాత సిస్టమ్32 లోపలి డబ్ల్యూబీఈఎం. తర్వాత సిస్టమ్32 లోపల విండోస్‌పవర్‌షెల్, అందులో వీ1.0. చివరగా సిస్టమ్32 లోపలి ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్. ఈ అయిదుంటే విండోస్ తేరుకుంటుంది. జావా, పైథాన్, డేటాబేస్ ఫోల్డర్లు ఒక్కొక్కటే తర్వాత చేర్చుకోవచ్చు.

అయిదూ పెట్టాక కూడా సిస్టమ్‌రూట్ అన్న మాట మారకుండా అట్టాగే కనిపిస్తోందంటే, రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట, రెజ్‌ఎడిట్‌తో తెరుచుకుంటుంది) పాత్ రకం మారిపోయింది. అది ఎక్స్‌పాండబుల్ స్ట్రింగ్ అయి ఉండాలి, మామూలు స్ట్రింగ్ అయితే శాతం గుర్తుల మధ్య ఉన్నది విప్పుకోదు. ఆ ఎంట్రీ విలువను నోట్‌ప్యాడ్‌లో దాచి, ఎంట్రీ తీసేసి, సరైన రకంతో కొత్తగా చేయాలి.

పవర్‌షెల్‌లో ఎకో చేస్తే శాతం గుర్తులతో సహా అదే మాట తిరిగొస్తోంది.

పవర్‌షెల్‌కి ఆ రాత తెలియదు. అక్కడ డాలర్ గుర్తు, 'ఈఎన్‌వీ', కోలన్, 'పాత్' అని ఖాళీల్లేకుండా కొట్టాలి. ఏ ఫోల్డర్‌లోది పలుకుతుందో చెప్పే 'వేర్' కమాండ్ కూడా పవర్‌షెల్‌లో వేరే పనికి పెట్టుకున్న పేరు, కాబట్టి 'వేర్ డాట్ ఈఎక్స్ఈ' అని పూర్తిగా కొట్టండి.

మైఎస్‌క్యూఎల్ 8.0 వేశాను. వెర్షన్ అడిగితే మరియాడీబీ (మైఎస్‌క్యూఎల్ నుంచి చీలిన వేరే డేటాబేస్) అంటోంది. ఇదేంది?

అంతకు ముందు ఎప్పుడో జాంప్ (వెబ్ సర్వర్, డేటాబేస్ కలిపి వచ్చే ప్యాకేజీ) వేసి ఉంటారు. సి డ్రైవ్‌లో జాంప్, అందులో మైఎస్‌క్యూఎల్, అందులో బిన్ పాత్‌లో ముందున్నట్టుంది. జాంప్‌లో కంట్రోల్ ప్యానెల్ మైఎస్‌క్యూఎల్ అని రాసినా ఇప్పుడు లోపల ఉండేది మరియాడీబీయే. 'వేర్ మైఎస్‌క్యూఎల్' కొట్టండి. ఒకటి కంటే ఎక్కువ వరసలు వస్తే మొదటిదే పలుకుతున్నట్టు. పాత్ మార్చే విండోలో 'మూవ్ అప్' బటన్‌తో మీకు కావలసినదాన్ని పైకి జరపండి.

రెండూ ఒకేసారి నడపాలంటే పోర్టు దగ్గర కూడా తగువు వస్తుంది, రెండూ 3306 కోసమే చూస్తాయి. పాత్ మార్చినంత మాత్రాన అది తీరదు.

'కాంట్ కనెక్ట్ టు మైఎస్‌క్యూఎల్ సర్వర్, 10061' అంటోంది. పాత్ మళ్ళీ పెట్టాలా?

ఆ ఎర్రర్ వచ్చిందంటే పాత్ బాగున్నట్టే. క్లయింట్ దొరికింది కాబట్టే సర్వర్‌ని పిలిచింది, అవతల ఎవరూ పలకలేదు. విండోస్ సర్వీసుల్లో మైఎస్‌క్యూఎల్80 ఆగి ఉందేమో చూసి స్టార్ట్ చేయండి. 1045 అయితే పాస్‌వర్డో యూజర్ పేరో తప్పు. ఈ రెండు నంబర్లకీ పాత్‌కీ సంబంధం లేదు. పాత్ తప్పైతే వచ్చేది ఒక్క 'నాట్ రికగ్నైజ్డ్' మాత్రమే.

ఒరాకిల్_హోమ్ విండోస్‌లో పెట్టాలా వద్దా? ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు.

విండోస్‌లో పెట్టొద్దు. ఒరాకిల్ వాళ్ళ పత్రాల్లోనూ అదే సలహా. ఇన్‌స్టాలర్ ఆ వివరాన్ని రిజిస్ట్రీలో ఒరాకిల్ కింద రాసుకుంటుంది, టూల్స్ అక్కడి నుంచే తీసుకుంటాయి. మీరు చేత్తో ఒరాకిల్_హోమ్ పెడితే అది రిజిస్ట్రీ మాటను కొట్టేస్తుంది. ఒక్కటే ఒరాకిల్ ఉన్నంతకాలం ఏమీ కాదు. రెండోది వేసిన రోజున, కొత్త ఎస్‌క్యూఎల్‌ప్లస్ (ఒరాకిల్ కమాండ్ టూల్) పాత ఫోల్డర్‌లో తన మెసేజ్ ఫైళ్ళు వెతుక్కుని 'ఎస్‌పీ2-0750, ఒరాకిల్_హోమ్ సెట్ చేయాల్సి రావచ్చు' అంటుంది. ఆ మాట చూసి జనం మళ్ళీ ఒరాకిల్_హోమ్ పెడతారు. చాలాసార్లు చేయాల్సింది దాన్ని తీసేయడం.

లినక్స్‌లో మాత్రం కచ్చితంగా కావాలి. ఎవరి మాట ఎందుకు వేరుగా ఉంటుందంటే ఇందుకే: లినక్స్ కోసం రాసింది చదివి విండోస్‌లో చేస్తారు.

'ఓఆర్‌ఏ-12560' వస్తోంది.

విండోస్‌లో లోకల్‌గా కనెక్ట్ అయ్యేటప్పుడు ఇది వస్తే రెండే అనుమానాలు. సర్వీసుల్లో ఒరాకిల్‌సర్వీస్‌ఎక్స్ఈ నడుస్తోందా? ల్యాప్‌టాప్ బరువెక్కుతోందని దాన్ని మాన్యువల్‌లో పెట్టుకునేవాళ్ళు చాలామంది, తర్వాత మర్చిపోతారు. నడుస్తుంటే ఒరాకిల్_ఎస్‌ఐడీ చూడండి. ఎక్స్‌ప్రెస్ ఎడిషన్‌కి అది 'ఎక్స్ఈ'. 23ఏఐ ఫ్రీ వేసుంటే 'ఫ్రీ'. పాత ఎక్స్‌ప్రెస్ ఎడిషన్ 21సీ తీసి ఫ్రీ వేసినవాళ్ళ దగ్గర వేరియబుల్ ఇంకా ఎక్స్ఈ అనే ఉంటుంది.

మరి 'ఓఆర్‌ఏ-12154'?

మీరిచ్చిన పేరును టీఎన్‌ఎస్‌నేమ్స్ డాట్ ఓఆర్‌ఏ ఫైలులో (ఏ పేరుకి ఏ సర్వర్ చిరునామానో రాసి ఉండేది) వెతికితే దొరకలేదని దాని అర్థం. సర్వర్ దాకా పోనేలేదు, కాబట్టి సర్వర్‌ని రీస్టార్ట్ చేస్తే లాభం లేదు.

టీఎన్‌ఎస్_అడ్మిన్ అనే వేరియబుల్ ఆ ఫైలున్న ఫోల్డర్‌ని చూపించాలి, ఫైలుని కాదు. నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేస్తే చివర డాట్ టీఎక్స్‌టీ తగులుకుని ఉండొచ్చు. ఎక్స్‌ప్లోరర్‌లో ఫైల్ ఎక్స్‌టెన్షన్లు కనిపించేట్టు పెట్టి చూస్తేగానీ తెలియదు. ఇంకా తేలకపోతే 'టీఎన్‌ఎస్‌పింగ్' అని కొట్టి పక్కన ఆ పేరివ్వండి. ఏ ఫోల్డర్‌లోని సెట్టింగ్ ఫైలు చదివిందో 'యూజ్డ్ పారామీటర్ ఫైల్స్' అన్న చోట చూపిస్తుంది. మీరు దిద్దుతున్న ఫైలు ఒకటి, అది చదువుతున్నది ఇంకొకటి అని చాలాసార్లు అక్కడే బయటపడుతుంది.

మా గ్రానైట్ యార్డు స్టాకు సాఫ్ట్‌వేర్ పాతది, 32 బిట్. కొత్త సిస్టమ్‌లో 64 బిట్ ఒరాకిల్ వేశాక తెరుచుకోవడం లేదు.

32 బిట్ ప్రోగ్రామ్‌కి 32 బిట్ క్లయింటే కావాలి. 64 బిట్‌ది ఎంత కొత్తదైనా దానికి పనికిరాదు. 32 బిట్ ఇన్‌స్టంట్ క్లయింట్‌ను వేరే ఫోల్డర్‌లో, ఖాళీలు లేని పేరుతో పెట్టండి. దాన్ని సిస్టమ్ పాత్‌లో ముందు పెడితే ఈ సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది, 64 బిట్ టూల్స్ చెడతాయి. వెనక పెడితే అవి బాగుంటాయి, ఇది చెడుతుంది.

అందుకని సిస్టమ్ పాత్ జోలికి పోకుండా చిన్న బ్యాచ్ ఫైలు రాసుకోండి. మొదటి వరసలో 'సెట్ పాత్' అని, ఈక్వల్ తర్వాత 32 బిట్ ఫోల్డర్, సెమీకోలన్, శాతం గుర్తుల మధ్య పాత్. రెండో వరసలో టీఎన్‌ఎస్_అడ్మిన్. మూడో వరసలో ఆ సాఫ్ట్‌వేర్ ఈఎక్స్ఈ. డెస్క్‌టాప్ మీది ఐకాన్‌ను ఈ బ్యాచ్ ఫైలుకి మార్చండి. ఆ పాత్ ఆ ఒక్క ప్రోగ్రామ్‌కే అందుతుంది. టీఎన్‌ఎస్‌నేమ్స్ ఒట్టి టెక్స్ట్ ఫైలు, 32కీ 64కీ ఒకటే సరిపోతుంది.

ఓడీబీసీ (సాఫ్ట్‌వేర్‌ని డేటాబేస్‌కి కలిపే విండోస్ ఏర్పాటు) ద్వారా వెళ్ళే సాఫ్ట్‌వేర్ అయితే 'ఆర్కిటెక్చర్ మిస్‌మ్యాచ్' అని వస్తుంది. డీఎస్‌ఎన్‌ను (కనెక్షన్ వివరాలకి పెట్టే పేరును) 32 బిట్ ఓడీబీసీ అడ్మినిస్ట్రేటర్‌లో చేయాలి. అది సిస్‌వావ్64 ఫోల్డర్‌లో ఉంటుంది. 64 బిట్‌ది సిస్టమ్32లో ఉంటుంది. రాసింది తప్పు కాదు, మైక్రోసాఫ్ట్ పేర్లే అట్టా తలకిందులుగా ఉన్నాయి.

ఇన్‌స్టాల్ మధ్యలో కరెంటు పోయింది. మళ్ళీ వేస్తే ముందుకు పోవడం లేదు.

సగం వేసిన పని తన గుర్తులు వదిలిపోతుంది. ఒరాకిల్ అయితే ముందు అన్ఇన్‌స్టాల్ ప్రయత్నించండి, తర్వాత రెండు పెట్టెల్లోనూ ఒరాకిల్_హోమ్, ఒరాకిల్_బేస్, ఒరాకిల్_ఎస్‌ఐడీ, టీఎన్‌ఎస్_అడ్మిన్ ఉంటే తీసేయండి. పాత్‌లో ఇప్పుడు లేని ఫోల్డర్ల వరసలు తీసేయండి. రీస్టార్ట్ చేసి, ఇన్‌స్టాలర్‌ను 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్'తో మొదలుపెట్టండి. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది కాబట్టి పర్వాలేదు గానీ, ల్యాబు డెస్క్‌టాప్‌లలో యూపీఎస్ లేని వరసలో ఈ పని పెట్టుకోవద్దు.

విండోస్ యూజర్ పేరు తెలుగులో పెట్టుకున్నాను. దాని వల్లేనా?

అయ్యే అవకాశం బాగానే ఉంది. టెంప్, టీఎంపీ అనే రెండు వేరియబుల్స్ మీ యూజర్ ఫోల్డర్ లోపలికే చూపిస్తాయి. ఇన్‌స్టాలర్ తన ఫైళ్ళను అక్కడే విప్పుకుంటుంది. ఆ దారిలో తెలుగు అక్షరాలో, ఖాళీయో ఉంటే కొన్ని ఇన్‌స్టాలర్లు తడబడతాయి. అకౌంట్ పేరు మార్చినా ఫోల్డర్ పేరు మారదు, కాబట్టి ఆ దారి వద్దు. సి డ్రైవ్‌లో 'టెంప్' అని ఫోల్డర్ చేసి, పై పెట్టెలో ఆ రెండు వేరియబుల్స్‌నూ దానికి చూపించి, ఇన్‌స్టాల్ అయ్యాక వెనక్కి మార్చుకోండి. ఒరాకిల్ జిప్‌ను కూడా డెస్క్‌టాప్ మీద కాకుండా సి డ్రైవ్‌లో ఖాళీల్లేని ఫోల్డర్‌లో విప్పండి.

పోస్ట్‌గ్రెస్‌లో 'పీఎస్‌క్యూఎల్' కొడితే నా ల్యాప్‌టాప్ పేరుతో 'రోల్ డజ్ నాట్ ఎగ్జిస్ట్' అంటోంది.

పీజీయూజర్ లేకపోతే పీఎస్‌క్యూఎల్ మీ విండోస్ లాగిన్ పేరునే యూజర్ పేరు అనుకుంటుంది. పీజీడేటాబేస్ కూడా లేకపోతే అదే పేరుతో డేటాబేస్ వెతుకుతుంది. పీజీయూజర్‌కి 'పోస్ట్‌గ్రెస్' అని ఇవ్వండి, లేదా కమాండ్‌లోనే హైఫన్ యూ తర్వాత ఇవ్వండి.

రెండు వెర్షన్లు వేసుంటే రెండోదానికి ఇన్‌స్టాలర్ 5432 బదులు 5433 ఇచ్చి ఉంటుంది. పాస్‌వర్డ్ సరైనదే కొడుతున్నా ఒప్పుకోవడం లేదంటే ముందు పీజీపోర్ట్ చూడండి, వేరే సర్వర్ తలుపు తడుతున్నారేమో.

పీజీడేటా గురించి ఒక మాట. అది పీజీ_సీటీఎల్ మాదిరి సర్వర్ టూల్స్‌కే కావాలి. పీఎస్‌క్యూఎల్ దాని వంక చూడదు.

పాస్‌వర్డ్‌ను పీజీపాస్‌వర్డ్ వేరియబుల్‌లో శాశ్వతంగా పెట్టొద్దు. యాప్‌డేటా ఫోల్డర్‌లో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే ఫోల్డర్ చేసి, అందులో పీజీపాస్ డాట్ కాన్ఫ్ అనే ఫైలులో ఒక వరస రాయండి: హోస్ట్, పోర్టు, డేటాబేస్, యూజర్, పాస్‌వర్డ్, మధ్యలో కోలన్లు. మైఎస్‌క్యూఎల్‌లోనూ మైఎస్‌క్యూఎల్_పీడబ్ల్యూడీ వాడొద్దు.

ఊళ్ళ పేర్లు తెలుగులో ఎక్కిస్తే ప్రశ్నార్థకాలు వస్తున్నాయి.

డేటా చెడిందా, విండో చూపించలేకపోతోందా అన్నది ముందు తేల్చాలి. నల్ల విండో తెలుగు ఒత్తులను సరిగ్గా కూర్చలేదు. 'చీమకుర్తి' అక్కడ విరిగి కనిపించినంత మాత్రాన లోపల చెడినట్టు కాదు.

'ఒంగోలు' ఎక్కించి చూడండి. యూనికోడ్‌లో దానికి ఆరు సంకేతాలు: ఒ, సున్న, గ, ఓత్వం, ల, కొమ్ము. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతం 3 బైట్లు, మొత్తం 18. మైఎస్‌క్యూఎల్‌లో 'లెంత్' 18, 'క్యార్_లెంత్' 6 రావాలి. ఒరాకిల్‌లో 'డంప్' ఫంక్షన్‌కి ఆ కాలమ్ పేరు, 16 ఇస్తే బైట్లన్నీ చూపిస్తుంది. ప్రతి మూడింటిలో మొదటిది ఈ0, రెండోది బీ0 లేదా బీ1 అయితే డేటా బాగుంది. వరసగా 3ఎఫ్ కనిపిస్తే లోపల ఉన్నవి నిజంగానే ప్రశ్నార్థకాలు. వాటిని తిరిగి తెలుగు చేసే మార్గం లేదు, మళ్ళీ ఎక్కించాల్సిందే.

అట్టా చెడిపోవడానికి కారణం ఒరాకిల్‌లో ఎక్కువగా ఎన్‌ఎల్‌ఎస్_లాంగ్, అంటే భాషనూ అక్షర పట్టికనూ చెప్పే వేరియబుల్. చాలా విండోస్ సిస్టమ్‌లలో దాని చివర డబ్ల్యూఈ8ఎంఎస్‌విన్1252 ఉంటుంది, ఆ పట్టికలో తెలుగే లేదు. విండోను 'సీహెచ్‌సీపీ 65001'తో యూటీఎఫ్-8కి మార్చి, ఎన్‌ఎల్‌ఎస్_లాంగ్‌కి 'అమెరికన్_అమెరికా, చుక్క, ఏఎల్32యూటీఎఫ్8' ఇవ్వండి. స్పెల్లింగ్ తప్పితే ఓఆర్‌ఏ-12705 వస్తుంది. రెండూ కలిపి మార్చాలి, ఒకటే మారిస్తే ఇంకా గందరగోళం. ఎస్‌క్యూఎల్ డెవలపర్ జావాతో నడుస్తుంది, ఈ అక్షర పట్టిక విషయంలో ఎన్‌ఎల్‌ఎస్_లాంగ్‌ను పట్టించుకోదు, కాబట్టి తెలుగు ఎక్కించడానికి అదే సుఖం. పోస్ట్‌గ్రెస్‌కి పీజీక్లయింట్‌ఎన్‌కోడింగ్‌లో యూటీఎఫ్8 పెట్టి, అదే సీహెచ్‌సీపీ కమాండ్ కొట్టండి.

ఇదే దారిలో ఇంకో గోతి ఉంది. ఒరాకిల్‌లో వార్‌క్యార్2 పక్కన 20 అని రాస్తే మామూలుగా 20 బైట్లు. ఒంగోలు పడుతుంది. చీమకుర్తి తొమ్మిది సంకేతాలు, 27 బైట్లు, ఓఆర్‌ఏ-12899తో వెనక్కి వస్తుంది. 20 పక్కన 'క్యార్' అని రాయండి.

జావా ప్రోగ్రామ్‌లో 'క్లాస్ నాట్ ఫౌండ్, మైఎస్‌క్యూఎల్ డ్రైవర్' అంటోంది.

పాత్‌తో పని లేదు, ఇది క్లాస్‌పాత్ సంగతి. జార్ (డ్రైవర్ ఉండే జావా ఫైలు) ఉన్న ఫోల్డర్ ఇస్తే సరిపోదు, జార్ ఫైలు పేరుతో సహా ఇవ్వాలి, లేదా ఫోల్డర్ చివర స్లాష్, నక్షత్రం గుర్తు పెట్టాలి. వరసలో ఒక ఒంటి చుక్క కూడా ఉంచండి, లేకపోతే మీ సొంత క్లాసే దొరకదు. హైఫన్ సీపీ గానీ హైఫన్ జార్ గానీ ఇచ్చి నడిపితే క్లాస్‌పాత్ వేరియబుల్‌ను జావా అసలు చూడదు. జావా_హోమ్ జేడీకే ఫోల్డర్ దగ్గరే ఆగాలి, బిన్ దాకా పోకూడదు.

పైథాన్‌లో 'డీపీఐ-1047' వస్తోంది.

64 బిట్ ఒరాకిల్ క్లయింట్ దొరకలేదని. పైథాన్ 64 బిట్ అయితే క్లయింట్ కూడా 64 బిట్ కావాలి, దాని ఫోల్డర్ పాత్‌లో ఉండాలి. సీఎక్స్_ఒరాకిల్ అనే పైథాన్ లైబ్రరీ బదులు దాని తర్వాత వచ్చిన ఒరాకిల్‌డీబీ వాడితే క్లయింటే అక్కర్లేదు. కాకపోతే క్లయింట్ లేకుండా అది 12.1, ఆ పై వెర్షన్లకే కనెక్ట్ అవుతుంది, ల్యాబులో పాత 11జీ ఉంటే కుదరదు. పోస్ట్‌గ్రెస్‌కి వాడే సైకోపీజీ2 లైబ్రరీ వేసేటప్పుడు 'పీజీ_కాన్ఫిగ్ నాట్ ఫౌండ్' అంటే పోస్ట్‌గ్రెస్ బిన్ పాత్‌లో లేదు. ల్యాబు పనికైతే సైకోపీజీ2-బైనరీ వేసుకుంటే ఆ గొడవే ఉండదు.

ఉబుంటులో ఎక్స్‌పోర్ట్ చేశాను. టెర్మినల్ మూసి తెరిస్తే పోయింది.

ఎక్స్‌పోర్ట్ ఆ టెర్మినల్ వరకే. హోమ్ ఫోల్డర్‌లోని డాట్ బాష్‌ఆర్‌సీ చివర ఆ వరస రాసి, 'సోర్స్' కమాండ్‌తో చదివించండి. ఈక్వల్‌కి అటూ ఇటూ ఖాళీ వద్దు. ఫోల్డర్ల మధ్య ఇక్కడ సెమీకోలన్ కాదు, కోలన్. ఈటీసీలోని ఎన్విరాన్‌మెంట్ ఫైలులో రాస్తే 'ఎక్స్‌పోర్ట్' అన్న మాట, డాలర్ పాత్ రెండూ పనికిరావు, అది షెల్ స్క్రిప్ట్ కాదు.

పాత్ తప్పు రాసి 'ఎల్ఎస్' కూడా రాకపోతే, 'ఎక్స్‌పోర్ట్ పాత్' ఈక్వల్ స్లాష్ యూఎస్‌ఆర్ స్లాష్ బిన్, కోలన్, స్లాష్ బిన్ అని కొట్టి, ఫైలు దిద్దుకోండి.

సుడో (అడ్మిన్‌గా కమాండ్ నడిపేది), క్రాన్ (వేళకి పనులు నడిపేది), సిస్టమ్‌డీ సర్వీసులు మీ బాష్‌ఆర్‌సీని నమ్ముకోవు. సుడో తన సొంత పాత్ వాడుతుంది. క్రాన్‌కి చాలా చిన్న పాత్ ఉంటుంది, అందుకే చేత్తో నడిపితే వచ్చే బ్యాకప్ రాత్రి పూట రాదు. స్క్రిప్ట్ మొదట్లోనే పాత్ రాయండి, లేదా 'పీజీ_డంప్'కి పూర్తి దారి ఇవ్వండి. సర్వీసుకైతే 'సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్'తో సర్వీస్ విభాగంలో ఎన్విరాన్‌మెంట్ వరస చేర్చాలి.

లినక్స్ ఒరాకిల్‌లో డేటాబేస్ నడుస్తూనే ఉంది. లోపలికి పోతే 'ఐడిల్ ఇన్‌స్టెన్స్' (డేటాబేస్ మొదలవలేదు) అంటోంది.

ఒరాకిల్_హోమ్ చివర స్లాష్ ఉందేమో చూడండి. మెమరీలో నడుస్తున్న డేటాబేస్‌ను ఒరాకిల్_హోమ్, ఒరాకిల్_ఎస్‌ఐడీ రెండూ కలిపి గుర్తుపడుతుంది. సర్వర్ మొదలైనప్పుడు స్లాష్ లేకుండా ఉండి, మీ టెర్మినల్‌లో స్లాష్‌తో ఉంటే, మనకు అదే ఫోల్డర్, దానికి మాత్రం వేరే డేటాబేస్. ఎస్‌ఐడీలో పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా వచ్చినా ఇంతే. ఎస్‌ఐడీ అసలు లేకపోతే ఓఆర్‌ఏ-12162 వస్తుంది.

చేత్తో కొట్టే బదులు ఒరాకిల్‌తో వచ్చే ఒరాఈఎన్‌వీ స్క్రిప్ట్ వాడండి. ముందు చుక్క, ఖాళీ, తర్వాత దాని దారి. చుక్క మర్చిపోతే అది వేరే షెల్‌లో అన్నీ సెట్ చేసి, ఆ షెల్‌తో పాటే మాయమవుతుంది.

సాయం అడిగేటప్పుడు ఏం పంపాలి?

ఎర్రర్ నంబరుతో సహా మొత్తం వరస, టెక్స్ట్‌గా కాపీ చేసి. వాట్సాప్‌లో ఏటవాలుగా తీసిన ఫోటో వద్దు, చివర స్లాషో ఖాళీయో అందులో కనపడదు. దాంతోపాటు కొత్త విండోలో పాత్ ఎకో చేసిన ఫలితం, 'వేర్' కమాండ్ ఫలితం, ఇన్‌స్టాల్ చేసిన వెర్షన్, 32 బిట్టా 64 బిట్టా. ఒట్టి 'సెట్' కొడితే అన్ని వేరియబుల్స్ వస్తాయి, అది పంపేముందు పీడబ్ల్యూడీ, పాస్‌వర్డ్ అని ఉన్న వరసలు చెరిపేయండి.